దులుపుడు గది

ఆ ప్రకటనలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చంటికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

"చదువు అక్కర్లేదు. అనుభవం అక్కర్లేదు. పగటి పని. వెంటనే చేరవచ్చు." ఆ కింద జీతం. చంటి పేపరుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ఒక సున్నా ఎక్కువ పడిందేమోనని వెలుగులో పెట్టి చూసింది. పడలేదు. అది వాళ్ళన్నయ్య జీతం కంటే ఎక్కువ. అన్నయ్య పెద్ద చదువు చదివి, రెండు పరీక్షలు రాసి, ఇరవై రెండేళ్ళుగా ఒకే ఆఫీసులో ఒకే కుర్చీలో కూర్చుని సంపాదిస్తున్నదాని కంటే ఎక్కువ. ఒక పెద్ద ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో, ఏమీ రానివాళ్ళకి!

"ఇదేదో తేడాగా ఉందన్నయ్యా," అంది.

"నీకు తేడాగా లేనిది ఏదైనా ఉందా?" అన్నాడు అన్నయ్య, సబ్బు నురగ పూసిన గడ్డంతో అద్దంలోంచి చూస్తూ. "పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు కలిపాడంటావు. నవ్వకపోతే నిన్న కలిపాడంటావు. తప్పిపోయి మన ఇంట్లో పుట్టావుగాని సీఐడీలో ఉండాల్సినదానివి."

"ఊరికే ఇస్తారా అంత జీతం?" అంది వదిన వంటింట్లోంచి. "నిద్ర పుచ్చి ఏ కిడ్నీయో లాక్కుంటారు. అయినా వెళ్ళి చూసిరా. చూస్తే పోయేదేముంది?"

నలభై రెండేళ్ళు వచ్చినా, అందరికంటే చిన్నది కనక ఇంట్లో ఆమెకి చంటి అనే పేరు పోలేదు. భర్త పోయాక కూతుర్ని తీసుకుని అన్నయ్య ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. కవర్లు అంటించే కార్ఖానాలో పధ్నాలుగేళ్ళు పనిచేసింది. అది కిందటేడు మూతపడింది. వదిన చెడ్డదేం కాదు. ఎన్నాళ్ళుంటావని ఒక్కసారి కూడా అడగలేదు. కాని తల్లీకూతుళ్ళు పడుకునే వెనకగదిలో, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల కుప్ప మాత్రం నెలకో జానెడు చొప్పున వాళ్ళ మంచం మీదికి జరుగుతూ వచ్చింది. పదో తరగతి చదివే పిల్లకి బల్ల లేదు. వాషింగ్ మిషను మూత మీద పుస్తకం పెట్టుకుని రాసుకునేది. మిషను తిరిగే రోజున దాని రాత చూస్తే నూట మూడు జ్వరంలో రాసినట్టుండేది.

మూడు వీధుల అవతల, మేడ మీద రెండు గదుల వాటా ఒకటి ఖాళీగా ఉంది. చంటి దాన్ని నాలుగుసార్లు చూసొచ్చింది. కుళాయి తిప్పి చూసింది, గడియ వేసి చూసింది, గోడ తట్టి చూసింది. కిటికీ పక్కన సరిగ్గా ఒక బల్ల పట్టేంత చోటుంది. "ఉద్యోగం ఉన్నవాళ్ళకే ఇస్తాను. ఈ నెలాఖరు దాకా నీకోసం ఆపుతాను. ఆ తరవాత నన్ననకు," అంది ఇంటావిడ.

అందుకని చంటి వెళ్ళింది. తిన్నగా కాదు. ముందు రోజు సాయంత్రం ఆసుపత్రి వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి, ఒక టీని ముప్పావు గంట తాగింది. ఐదున్నరకి పనివాళ్ళు బయటికొచ్చారు. తెల్లగా ఉడికిన చేతులు, తడిసిన చెప్పులు. అందరూ మామూలుగానే నడుచుకుంటూ పోయారు. చివర్లో ఒక్కావిడ, యాభై ఐదేళ్ళుంటాయి, గేటు పక్క చిన్న గదిలోకి వెళ్ళి, కాసేపటికి జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది.

"ఆవిడెవరు?" అని అడిగింది చంటి.

"చూశానమ్మ అంటారావిణ్ణి. దులుపుడు గదిలో పని," అన్నాడు టీ కొట్టాయన. ఆమెని ఎగాదిగా చూసి, "నువ్వూ ఆ పనికేనా?" అన్నాడు.

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఏం లేదమ్మా. నాలుగు నెలల్లో నలుగురొచ్చారు, నలుగురూ వెళ్ళారు. ఆ ముసలావిడ మాత్రం కదలదు. వాళ్ళెందుకు వెళ్ళారంటావా, నాకు తెలీదు. నేను టీ అమ్ముకునేవాణ్ణి."

తెలీదన్న మనిషి తువ్వాలుతో తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. చంటి అది గమనించింది.

మర్నాడు ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. సూపర్‌వైజరు బక్కపల్చటి మనిషి. సబ్బు పొడి పడక మాటకోసారి తుమ్ముతాడు. చదువెంత అని అడగలేదు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా, నడుం నొప్పి ఉందా, కళ్ళు బాగా కనిపిస్తాయా అని మూడే మూడు అడిగాడు.

"జీతం అంతెందుకండీ?" అని చంటే అడిగింది.

ఆయన తుమ్మాడు. "జీతం ఎక్కువని ఫిర్యాదు చేసినవాళ్ళని ఇదే చూడటం. ఎవరూ నిలవరు గనక అమ్మా."

"ఎందుకు నిలవరు?"

"రేపొచ్చి చూడండి. రెండు వారాలు చూసి, తరవాత కాగితం ఇస్తాం. ఒంటి మీద చిన్నమెత్తు నగ కూడా ఉండకూడదు. చెవులవి, ముక్కువి, ఆ ఉంగరం, అన్నీ ఇంట్లోనే. నగతో లోపల దొరికితే ఆ రోజే ఆఖరు."

ఉంగరం సన్నటిది. కార్ఖానాలో మొదటిసారి బోనసు ఇచ్చినప్పుడు తనకి తనే కొనుక్కుంది. పదమూడేళ్ళుగా వేలికున్నదాన్ని ఆ రాత్రి సబ్బు రాసి తీస్తే, కింద తెల్లటి గాడి ఒకటి బయటపడింది.

దులుపుడు గది అంటే ఉతుకుడు మిషన్లకి ముందుండే గది. పై అంతస్తుల నించి మాసిన దుప్పట్లు సంచుల్లో మూటగట్టి పెద్ద గొట్టంలోంచి వదిలితే, ధబ్బున వచ్చి ఇక్కడ పడతాయి. తెల్ల సంచులు వార్డులవి, ఎర్ర సంచులు ఆపరేషన్ గదులవి. ప్రతి దుప్పటినీ ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, రేకు బల్ల మీద మూడుసార్లు దులపాలి. తిరగేసి మళ్ళీ మూడుసార్లు. ఒకసారెప్పుడో దుప్పటిలో ఉండిపోయిన కత్తెర మిషన్లోకి వెళ్ళి లోపలి డ్రమ్ము చీల్చేసిందట. రెండు రోజులు ఆసుపత్రి మొత్తానికి ఉతికిన దుప్పటి లేకుండా పోయిందట. అప్పటినించీ ఈ గది.

దులిపితే ఏం రాలవు! కళ్ళజోళ్ళు, చెంచాలు, ఫోన్లు, సూదులు, చెవిపోగులు, సగం కొరికిన బిస్కెట్లు. ఏది రాలినా దానికో పద్ధతుంది. మొదట చూసినవాళ్ళు దాని పేరు పైకి చెప్పాలి. రెండోవాళ్ళు "చూశాను" అనాలి. అప్పుడిద్దరూ చేతి తొడుగులు తీసి, పుస్తకంలో ఏ వార్డు సంచిలో ఏం దొరికిందో రాసి, పక్కపక్కనే సంతకాలు పెట్టి, వస్తువుని తాళం వేసిన పెట్టె చీలికలోంచి లోపల వెయ్యాలి. పెట్టె శనివారం తెరుస్తారు. పదహారేళ్ళుగా అనీ అనీ ఆ ముసలావిడకి చూశానమ్మ అన్నదే పేరైపోయింది.

రక్తానికీ వాసనకీ చంటి మూడో రోజుకి అలవాటు పడిపోయింది. అలవాటు పడనిది ఐదున్నర గంటలది. దులుపుడు గదివాళ్ళు బయటికెళ్ళే ముందు గేటు పక్క గదిలో సోదా ఉంది. చేసేది కాపలావాళ్ళు కాదు. జంటలో ఒకరినొకరు చెయ్యాలి. జేబుల్లేని అంగీ, మడతలు, జుట్టు ముడి విప్పి వేళ్ళతో దువ్వి, చివరికి నోరు.

"తెరువు," అంది చూశానమ్మ మొదటి రోజు.

"నోరా?"

"చెవులు తెరవలేవుగా. నోరే."

రోజంతా ఎదురుగా నిలబడి పనిచేసిన మనిషి నాలుక కిందికి చూడాలి. ఆవిడ మన నాలుక కిందికి చూస్తుంది. చంటి ఇంటికెళ్ళి పళ్ళు రెండుసార్లు తోముకుంది.

"ఇదన్నమాట సంగతి," అంది వదినతో. "అందుకే ఎవరూ ఉండరు."

"నోరు చూస్తే ఏం పోయింది? పళ్ళ డాక్టరు చూడటంలా? ఇంకేదో ఉందిలే," అంది వదిన, చంటి మంచం మీది కుప్పలోంచి అన్నయ్య చొక్కా లాగుతూ. "చివరికి ఏదో పోయిందని నీ నెత్తినేసి పంపుతారు. జంట పనన్నావు కదా. ఆవిడ తింటే నీ మూతికీ అంటుతుంది."

ఆ మాట చంటి మనసులో ముల్లులా దిగబడింది. మర్నాటినించి దుప్పటి మీద సగం కన్ను, చూశానమ్మ మీద ఒకటిన్నర కన్ను. ఆవిడా తక్కువ తినలేదు. మాట్లాడదు, నవ్వదు, చంటి చేతులకేసే చూస్తూ ఉంటుంది. ఇద్దరూ దుప్పటికి చెరోవైపు నిలబడి, ఒకరి గుట్టు ఒకరు రాబట్టడానికి వచ్చిన పోలీసుల్లా దులిపేవాళ్ళు.

ఏడో రోజు చంటి కంట పడింది. మూడో వార్డు సంచి. దుప్పటి రెండోసారి దులుపుతుంటే ఆవిడవైపు అంచున ఏదో టక్కుమంది. ఆవిడ పేరు చెప్పలేదు. బల్ల తుడిచే గుడ్డ దాని మీద వేసి, తుడుస్తున్నట్టే చుట్టచుట్టి పక్కన పెట్టింది.

"ఏంటక్కా అది?"

"ఏది?"

"ఏదో పడ్డట్టుంది."

"నీకు చెవులు కూడా పనిచేస్తాయే! పట్టు, పట్టు, ఇంకా పన్నెండు సంచులున్నాయి."

మధ్యాహ్నం తిండి వేళ ఆవిడ ఆ గుడ్డ తీసుకుని లోపలి మెట్లెక్కి పైకి వెళ్ళింది. సోదా గేటు దగ్గరే గాని, వార్డుల్లోకి వెళ్ళే ఆ మెట్లకి కాపలా లేదు. చంటి చెప్పులు చేత్తో పట్టుకుని మొదటి మలుపు దాకా వెనకే వెళ్ళింది. చూశానమ్మ మూడో వార్డు తలుపు తోసుకుని లోపలికి పోయింది. పావుగంటకి దిగొచ్చింది. గుడ్డ ఖాళీ.

అంటే లోపల ఇంకో మనిషున్నారన్నమాట! ఈవిడ కింద ఏరుతుంది, పైనవాళ్ళు బయటికి చేరవేస్తారు. పదహారేళ్ళుగా కదలకుండా ఇక్కడే ఎందుకుందో, నలుగురెందుకు పారిపోయారో చంటికి అద్దంలో చూసినట్టు కనిపించింది. రేపెప్పుడో ఇది బయటపడితే రెండు సంతకాల పుస్తకంలో రెండో సంతకం తనదే. ఉద్యోగం పోవడం సరే, దొంగ అన్న పేరు కూడా వెంట వస్తుంది. దొంగకి అద్దెకి వాటా ఎవరిస్తారు? సూపర్‌వైజరుకి చెబుదామా అంటే, ఏం చూశావంటాడు. గుడ్డ చూశానండీ అనాలి.

"నిజంగా దొంగేనంటావా అమ్మా?" అని అడిగింది కూతురు మిషను మూత మీద లెక్కలు చేసుకుంటూ.

"నా మనసు చెబుతోంది."

"నీ మనసు కిందటి వారం మా టీచర్ గురించి కూడా అలాగే చెప్పింది."

చంటి లేచింది. బట్టల అడుగున దాచిన ఉంగరం తీసి చేతిలో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంది.

ఉపాయం చాలా బాగుందనిపించింది. లోపలికి వెళ్ళేటప్పుడు సోదా లేదు. ఉంగరం చేతి తొడుగు మడతలో పెట్టుకుని, దులిపేటప్పుడు ఆవిడవైపుకి జారవిడవాలి. ఆవిడ గుడ్డ కప్పుతుంది. మధ్యాహ్నం మెట్లెక్కుతుంది. ఈసారి తను వార్డు లోపలి దాకా వెళ్ళి, ఎవరి చేతిలో పెడుతోందో కళ్ళారా చూసి, అప్పటికప్పుడు సూపర్‌వైజర్ని పిలుస్తుంది.

పదకొండో రోజు, మూడో వార్డు సంచి. మొదటి దుప్పటి. చంటి మణికట్టు వంచింది. ఉంగరం దుప్పటి మీద జారుతూ వెళ్ళి, రేకు బల్ల మీద చిన్నగా మోగి, రెండు గుండ్రాలు తిరిగి, చూశానమ్మ పొట్ట ముందు ఆగింది.

ఆవిడ దానికేసి చూసింది. చంటికేసి చూసింది. గుడ్డ కోసం చెయ్యి చాపలేదు.

"ఉంగరం," అంది పైకి. "బంగారంది. ఒకటి."

చంటి ఉపాయం అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ అలా అంటే ఏం చెయ్యాలన్నది చంటి ఆలోచించుకోలేదు. నాలుగు రాత్రులు పడుకుని అటు తిప్పి ఇటు తిప్పి అన్నీ ఆలోచించింది. అదొక్కటీ ఆలోచించలేదు. అంత నమ్మకం ఆమెకి తన అనుమానం మీద!

"ఏమ్మా, కనిపించడంలా?" అంది చూశానమ్మ.

"చూశాను," అంది చంటి.

తొడుగులు తీశారు. పుస్తకంలో చూశానమ్మే రాసింది: మూడో వార్డు, తెల్ల సంచి, బంగారు ఉంగరం ఒకటి. సంతకం పెట్టి కలం ఇచ్చింది. చంటి సంతకం పెడుతుంటే ఆవిడ కళ్ళు ఆమె వేలి మీదే ఉన్నాయి. గాడి ఇంకా పూడలేదు. చంటి చెయ్యి వెనక్కి లాక్కుంది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. ఉంగరం చీలికలోంచి లోపలికి పడింది. అడుగున ఏ కళ్ళజోడుకో తగిలి టింగుమంది.

ఆవిడ తరవాతి దుప్పటి కొసలు పట్టుకుంది. సాయంత్రం సోదాలో నోరు చూసి, "ఊఁ" అని వదిలేసింది.

ఇంటికెళ్ళే దారిలో సూపర్‌వైజరు ఎదురయ్యాడు. "ఇంకో మూడు రోజుల్లో మీ రెండు వారాలు అయిపోతాయమ్మా," అన్నాడు. "మరి ఆవిడ సంతకం పెడితే కాగితం ఇచ్చేస్తాను."

"ఏ ఆవిడ?"

"మీ జంట. ఎదురుగా నిలబడాల్సింది ఆవిడే కదా! ఆవిడ వద్దంటే నేనేం చెయ్యలేను. ముందు నలుగుర్నీ వద్దంది."

"వద్దందా? వాళ్ళే మానేశారనుకున్నాను."

"మానేసినవాళ్ళు అంతకుముందు బోలెడుమంది. ఈ నలుగుర్నీ ఆవిడే పంపింది. ఎందుకమ్మా అంటే చెప్పదు. పనికిరారు, అంతే." తుమ్మి, ముక్కు తుడుచుకుని, "మీరైనా నిలవండమ్మా. మనుషులు దొరక్క చస్తున్నాను," అన్నాడు.

చంటికి అన్నం సయించలేదు. వాటా ఇంటావిడ ఆ సాయంత్రమే వదినతో కబురు చెప్పి పంపింది, ఇంకెవరో వచ్చి చూసుకెళ్ళారు, ఆదివారం లోపల తేల్చమని. "పోతే పోయిందిలే," అంది వదిన కంచం తీస్తూ. "ఇక్కడ ఎవరు పొమ్మన్నారు నిన్ను?" ప్రేమగానే అంది. కాని ఆ ప్రేమ కిందే ఇంకో ఆరేళ్ళు, మంచం మీద ఇంకో ఆరు మూరల కుప్ప చంటికి కనిపించాయి.

మర్నాడు పొద్దున్న, సంచులు రాకముందే చూశానమ్మ నోరు విప్పింది.

"ఉంగరం నీదేగా."

చంటి అబద్ధం ఆడదామనుకుంది. ఆవిడ చూపు ముందు అది నోట్లోంచి రాలేదు. "నాదే," అంది.

"నాకు వల వేశావు."

"మీరు గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళారు. నేను చూశాను."

"పట్టుకెళ్ళాను. పళ్ళు."

"పళ్ళేంటి?"

"కట్టుడు పళ్ళే తల్లీ. దుప్పట్లో మరిచిపోతారు, నర్సులు చూడకుండా మూటగడతారు. పెట్టెలో వేస్తే శనివారం దాకా తాళం తియ్యరు. అప్పటిదాకా ఆ ముసలాళ్ళు ఏం పెట్టి నములుతారు, చిగుళ్ళా? ఒకాయన పళ్ళు అలాగే పెట్టెలో ఉండిపోయాయి. శనివారం తీసుకెళ్ళేసరికి ఆయనే లేడు. అప్పటినించీ పళ్ళు మటుకు నేను రాయను. వార్డులోకెళ్ళి ఎవరి మూతి లోపలికి పోయిందో చూసి ఇచ్చొస్తాను."

"ఆ మాట నాకు చెబితే పోయేదిగా!"

"నీకెందుకు చెబుతాను? వచ్చి వారం. సూపర్‌వైజరు నా వెనక పెట్టిన మనిషివేమోనని నా భయం నాది. మెట్ల మలుపులో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడితే ఇంకేమనుకోమంటావు?"

చూశానమ్మ పుస్తకం తెరిచి నిన్నటి వరస మీద వేలు పెట్టింది.

"చూడు. పదహారేళ్ళు. రాయనివి ఉన్నాయి, కాదనను. రాసినవాటిలో అబద్ధం లేదు. నిన్న నా చేత రాయించావు. మూడో వార్డులో దొరికిందట! నా సంతకం పక్కన నీ సంతకం. శనివారం ఎవరో ఒకరు మాదేనంటారు, పట్టుకుపోతారు. పోనీ. నీ ఉంగరం నీ ఖర్మ. నా వరస సంగతేంటి?"

"ఏం చెయ్యమంటారు?"

"సూపర్‌వైజరుకి చెప్పు."

"చెబితే ఆ రోజే ఆఖరన్నారు! నగతో లోపలికొచ్చానని చెప్పుకుంటే ఇంకేముంది?"

"చెప్పకపోతే నేను నీకు సంతకం పెట్టను. చెబితే ఆయన ఉంచుతాడో పంపుతాడో నాకు తెలీదు. రెండూ కష్టమే. ఇంత జీతం మరెందుకిస్తున్నారనుకున్నావు?"

గొట్టంలోంచి మొదటి సంచి ధబ్బుమని పడింది. ఇద్దరూ కొసలు పట్టుకున్నారు. మధ్యాహ్నం దాకా దులిపారు. చంటి కళ్ళు పనిలోనే ఉన్నాయి, ఒక సూదినీ ఒక చెంచానీ పట్టుకుంది కూడా. కాని లోపల ఇంకో దులుపుడు నడుస్తూనే ఉంది. చెప్పకుండా ఉంటే ఎలాగూ కాగితం రాదు. చెబితే వస్తుందన్న పూచీ లేదు. ఇదంతా ఈ ముసలావిడ తనని వదిలించుకోడానికి పన్నిన ఎత్తేమోనన్న అనుమానం కూడా వచ్చింది. వచ్చింది గాని, ఈసారి చంటి దాన్ని నమ్మలేదు. నిన్నటిదాన్ని నమ్మి ఇక్కడిదాకా వచ్చింది.

తిండి వేళ సూపర్‌వైజరు గదికి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పేసింది. పళ్ళ సంగతి తప్ప. మెట్ల సంగతి కూడా తప్ప. ఆవిడ దొంగేమోననుకున్నాను, పరీక్ష పెట్టాను, ఉంగరం నాది, అంది.

ఆయన తుమ్మడం కూడా మరిచిపోయి విన్నాడు.

"నగతో లోపలికొస్తే ఏమవుతుందో చెప్పానా లేదా?"

"చెప్పారు."

"పైగా పుస్తకంలో తప్పు రాయించారు."

"అవునండి."

"నేనిప్పుడు మిమ్మల్ని పంపెయ్యాలి." ఆయన కిటికీలోంచి బయట పేరుకుపోయిన సంచులకేసి చూశాడు. "పంపేస్తే రేపు ఆవిడ ఒక్కత్తీ అవుతుంది. ఒక్కత్తి దులపకూడదు. మళ్ళీ మిషన్ల దగ్గర్నించి ఎవరినో బతిమాలి తేవాలి. మళ్ళీ ప్రకటన. మళ్ళీ వారం. వచ్చినవాళ్ళు నోరు తెరవమనగానే ఏడుస్తూ పోతారు." మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "ఎవరూ రాని ఉద్యోగం అమ్మా ఇది. తీసెయ్యడానికి కూడా వీల్లేని దరిద్రం నాది. ఆవిడేమంటోంది?"

"మీకు చెప్పమన్నారు."

"చెప్పమందా?" ఆయన తలెత్తాడు. "ముందు నలుగురి గురించీ నాకు ఒక్క మాట చెప్పలేదు. సరే. పుస్తకంలో ఆ వరస పక్కన జరిగింది జరిగినట్టు మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఉంగరం మాత్రం ఇవ్వను. రోగులు వచ్చి అడగని వస్తువు ఏడాది దాకా పెట్టెలోదే, రూలు. మీరు ఇక్కడ ఏడాది ఉంటే అప్పుడు తీసుకోండి. ఉంటే!"

చంటి రాసింది. చేతిరాత కూతురు రాతలాగా వచ్చింది. చూశానమ్మ దాన్ని పైనించి కిందికి రెండుసార్లు చదివి, "దుప్పటికి ఒత్తు సరిగా పెట్టు," అంది. సూపర్‌వైజరు ఇచ్చిన ఇంకో కాగితం మీద, నిలబడే సంతకం గీకి పారేసింది.

"అక్కా, ముందు నలుగుర్నీ ఎందుకు వద్దన్నారు?" అని అడిగింది చంటి.

"చూడకుండానే చూశానన్నారు గనక. ఒక పిల్లయితే నేను ఊరికే 'ఏనుగు' అన్నా చూశాననేసింది. నువ్వు చూస్తావు. మరీ ఎక్కువే చూస్తావు. పోనీలే, తక్కువ కంటే నయం."

సాయంత్రం చంటి అన్నయ్య ఇంటికి కాకుండా తిన్నగా వాటా ఇంటికెళ్ళింది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి కాగితం దూరంగా పెట్టుకుని, తరవాత దగ్గరగా పెట్టుకుని చదివింది.

"అయితే ఖాయమన్నమాట. ఏం పనో రాయలేదేం ఇందులో?"

చంటి చెప్పింది. దేన్నీ దాచలేదు. రక్తం, సూదులు, రోజూ సోదా, జుట్టు విప్పించడం, నోరు తెరిపించడం.

"ఛీ ఛీ, మనుషుల్ని దొంగల్లా!" అంది ఇంటావిడ. "ఎవరు చేస్తారమ్మా అలాంటి పని? ఎంత కడుపు కాలితే మాత్రం?" ఆ పైన కాగితంలో కిందికి దిగి జీతం దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఇది నెలకేనా?"

"నెలకే పిన్నిగారూ."

ఇంటావిడ ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, తలుపు కొంచెం దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది. "మా కోడలు ఊరికే కూర్చుని ఉంది. చదువు పెద్దగా లేదు. అక్కడ ఖాళీ ఏమైనా ఉందా?"

"ఒకటే ఉండేది పిన్నిగారూ," అంది చంటి. "నిండిపోయింది." చెప్పి, తాళంచెవి కోసం చెయ్యి చాపింది.